3215031751 ఆనుపానులు: ఒక పెద్ద సంఖ్య మీద ప్రాజెక్టు డైరీ

పని, నమూనా

ఏ పూర్ణసంఖ్య ఇచ్చినా దాని గుణగణాలు రాసిచ్చే ప్రోగ్రామ్ కడుతున్నాం. ప్రధానమా సంయుక్తమా, కారణాంకాలు ఏమిటి, భాజకాలు ఎన్ని, వాటి మొత్తం ఎంత, సంఖ్య ఏయే తరగతుల్లో పడుతుంది అన్నవి అది చెప్పాలి. దాన్ని పరీక్షించడానికి నోటికొచ్చిన పెద్ద సంఖ్య పనికిరాదు. ప్రోగ్రామ్‌లో ఎక్కడ లొసుగు ఉన్నా అక్కడ తగిలే సంఖ్య కావాలి. అలాంటిదే 3215031751, అంటే 321 కోట్ల 50 లక్షల 31 వేల 751.

ఈ సంఖ్యకు చరిత్ర ఉంది. 1980లో పొమెరాన్స్, సెల్‌ఫ్రిజ్, వాగ్‌స్టాఫ్ 2500 కోట్ల లోపు సంయుక్త సంఖ్యల్ని జల్లెడ పట్టారు. 2, 3, 5 ఆధారాలుగా (అంటే ఘాతానికి ఎత్తే సంఖ్యలుగా) బలమైన ప్రధానతా పరీక్ష, అంటే మిల్లర్–రాబిన్ పరీక్ష, పెడితే, ప్రధాన సంఖ్యలు కాకపోయినా నెగ్గినవి 13. వాటిలో 7 ఆధారంగా పెట్టిన పరీక్షలో కూడా నెగ్గింది ఇదొక్కటే. ఎందుకు నెగ్గింది అన్నదానికి జవాబు దాని కారణాంకాల్లోనే ఉంది. ఆ జవాబే దాన్ని ఎలా విడగొట్టాలో కూడా చెబుతుంది. ఈ డైరీలో ఎక్కువ భాగం దాని గురించే.

అంకగణితం సరిచూడటం

ప్రోగ్రామ్ రాయకముందే సంఖ్య పరిమాణం చూసుకోవాలి. ఇది 2147483647 కన్నా పెద్దది, 4294967295 కన్నా చిన్నది. కాబట్టి గుర్తు లేని 32 బిట్ల గడిలో పడుతుంది, గుర్తు ఉన్న గడిలో పట్టదు. సి భాషలో మామూలు ఇంట్ లో పెట్టి అచ్చువేస్తే సాధారణంగా −1079935545 అని వస్తుంది. ఈ తప్పు కంటికి కనిపిస్తుంది కాబట్టి ప్రమాదం తక్కువ.

కనిపించని తప్పు గుణకారంలో ఉంది. మాడ్యులో లెక్కల్లో, అంటే ప్రతి మెట్టులోనూ సంఖ్యతో భాగించి శేషాన్నే ఉంచుకునే లెక్కల్లో, శేషాన్ని దానితోనే గుణించాలి. శేషం అత్యధికంగా 3215031750 కావచ్చు, దాని వర్గం సుమారు 1.0336 × 10¹⁹. గుర్తు ఉన్న 64 బిట్ల గరిష్ఠ విలువ 9223372036854775807, అంటే సుమారు 9.22 × 10¹⁸. అక్కడ పొంగిపోతుంది. గుర్తు లేని 64 బిట్లలో హద్దు సుమారు 1.84 × 10¹⁹, కాబట్టి అందులో ఇబ్బంది లేదు.

ఈ తప్పు ప్రతిసారీ బయటపడదు. శేషం 3037000499 దాటితేనే దాని వర్గం గుర్తు ఉన్న 64 బిట్లను మించుతుంది. మన సంఖ్య ఆ హద్దుకు కొంచెమే పైన ఉంది. అంటే శేషాల్లో దాదాపు 5.5 శాతం మాత్రమే ప్రమాదకరం. ఒక్కో ఆధారానికి 30 సార్లు వర్గం కడితే సగటున ఒకటి రెండు చోట్ల పొంగుతుంది, ఒక్కోసారి అసలు పొంగకపోవచ్చు కూడా.

పైగా ఒక్కసారి పొంగితే చివరి శేషం చెడిపోతుంది, ప్రోగ్రామ్ "సంయుక్తం" అంటుంది. మన సంఖ్య నిజంగానే సంయుక్తం! లెక్క తప్పు, జవాబు ఒప్పు. జవాబు ఒక్కటే పోల్చి చూసే పరీక్ష ఇక్కడ ఎందుకూ కొరగాదు. అందుకే మధ్య విలువల్ని కూడా పరీక్షలో పెట్టాం. ఘాతం 1607515875, అంటే (సంఖ్య − 1)లో సగం, అయినప్పుడు రావలసిన శేషాలు ఇవి:

ఆధారం 2 అయితే 1
ఆధారం 3 అయితే 3215031750
ఆధారం 5 అయితే 1
ఆధారం 7 అయితే 3215031750
ఆధారం 11 అయితే 2129160099
ఆధారం 13 అయితే 2157624503

ఈ ఆరూ అంకె పొల్లుపోకుండా వస్తే ఘాతాల భాగాన్ని నమ్మవచ్చు. పైథాన్‌లో పూర్ణసంఖ్యలకు హద్దు లేదు కాబట్టి అక్కడ ఈ గొడవ రాదు. సి లో రాసిన వేగవంతమైన భాగాన్ని పైథాన్ జవాబులతో పోల్చడం తేలికైన దారి. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యల్లో మాత్రం ఈ పని పెట్టుకోకూడదు. అక్కడ 9007199254740992 దాటాక పూర్ణసంఖ్యలు కచ్చితంగా నిలవవు, బిగ్‌ఇంట్ వాడాలి.

ఫెర్మా పరీక్ష

ఫెర్మా పరీక్ష సులువు. ఆధారాన్ని (సంఖ్య − 1) ఘాతానికి ఎత్తి, సంఖ్యతో భాగిస్తే శేషం 1 రావాలి. రాకపోతే సంయుక్తం. 3215031751 మీద ఇది దాదాపుగా పనిచేయదు. సంఖ్యతో ఉమ్మడి కారణాంకం లేని ఏ ఆధారం తీసుకున్నా శేషం 1 వస్తుంది. అలాంటి ఆధారాలు 3189375000 ఉన్నాయి, అంటే 99.2 శాతం. మిగతా 0.8 శాతంలో చెయ్యి పడితే తప్ప దొంగ దొరకడు.

ఇలాంటి సంఖ్యల్ని కార్మైకేల్ సంఖ్యలు అంటారు. 1899లో కోర్సెల్ట్ ఇచ్చిన నియమంతో వీటిని పోల్చుకోవచ్చు: సంయుక్త సంఖ్యలో ఏ ప్రధాన కారణాంకమూ రెండుసార్లు రాకూడదు, ప్రతి ప్రధాన కారణాంకం నుంచి 1 తీసివేస్తే వచ్చేది (సంఖ్య − 1)ని నిశ్శేషంగా భాగించాలి. మన సంఖ్యకు సరిచూద్దాం.

3215031751 = 151 × 751 × 28351

3215031750 ÷ 150 = 21433545
3215031750 ÷ 750 = 4286709
3215031750 ÷ 28350 = 113405

మూడూ నిశ్శేషం. కాబట్టి కార్మైకేల్ సంఖ్యే. కార్మైకేల్ సంఖ్యలు అనంతంగా ఉన్నాయని 1994లో ఆల్ఫర్డ్, గ్రాన్‌విల్, పొమెరాన్స్ నిరూపించారు. కనుక ఫెర్మా పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకున్న ప్రోగ్రామ్‌ను మినహాయింపుల జాబితాతో చక్కదిద్దడం కుదరదు.

పై మూడు భాగఫలాలూ బేసి సంఖ్యలే. దీన్ని గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

బలమైన పరీక్షలో నాలుగు ఆధారాలు ఎందుకు మోసపోయాయి

మిల్లర్–రాబిన్ పరీక్షలో ముందు (సంఖ్య − 1) నుంచి 2 కారణాంకాలన్నీ బయటికి తీస్తాం. 3215031750 = 2 × 1607515875. ఒక్క 2 మాత్రమే బయటికొచ్చింది. అందువల్ల ఇక్కడ పరీక్ష ఒక్క ప్రశ్నకు కుదించుకుపోతుంది: ఆధారాన్ని 1607515875 ఘాతానికి ఎత్తితే శేషం 1 గాని, 3215031750 గాని వస్తుందా? రెండోదాన్ని −1 అనుకోవచ్చు.

ఘాతం కట్టడానికి వర్గం, గుణకారం పద్ధతి వాడాం. 1607515875ను ద్విసంఖ్యామానంలో రాస్తే 31 బిట్లు, వాటిలో ఒకట్లు 20. అంటే 30 వర్గాలు, 19 గుణకారాలు, మొత్తం 49 మెట్లు. పై బిట్టు నుంచి కిందికి దిగుతూ చేస్తే ఆ 19 గుణకారాలు 2, 3, 7 లాంటి చిన్న ఆధారంతోనే జరుగుతాయి, పొంగే భయం వర్గాలకే పరిమితం.

ఇప్పుడు అసలు సంగతి. శేషాన్ని మొత్తం సంఖ్యతో కాక, 151తో, 751తో, 28351తో విడివిడిగా చూడాలి. 1607515875 అంటే 75కు 21433545 రెట్లు, 375కు 4286709 రెట్లు, 14175కు 113405 రెట్లు. ఈ 75, 375, 14175 వరుసగా మూడు ప్రధాన సంఖ్యల నుంచి 1 తీసి సగం చేయగా వచ్చినవి. ఒక ఆధారాన్ని అలాంటి సగం ఘాతానికి ఎత్తితే శేషం, ఆ ఆధారం వర్గ శేషమైతే (అంటే ఏదో ఒక పూర్ణసంఖ్య వర్గాన్ని ఆ ప్రధాన సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషమైతే) +1, కాకపోతే −1. ఇది ఆయిలర్ నియమం. రెట్లు బేసి కాబట్టి గుర్తు మారదు. కాబట్టి పరీక్ష మొత్తం గుర్తుల పట్టికగా మారిపోతుంది (వరుసగా 151, 751, 28351కు):

2: + + +
3: − − −
5: + + +
7: − − −
11: + − −
13: − + −
17: + − −

మూడు గుర్తులూ ఒకటే అయితే సంఖ్య పరీక్ష నెగ్గుతుంది, ఒక్కటి తేడా వచ్చినా దొరికిపోతుంది. 2, 3, 5, 7 దగ్గర గుర్తులు కలవడం గాలివాటం కాదు. మూడు ప్రధాన సంఖ్యలనూ 8తో భాగిస్తే శేషం 7, అందుకే 2కు మూడూ ప్లస్. మూడింటినీ 3తో, 5తో భాగిస్తే శేషం 1. ఒక ప్రధాన సంఖ్య మరొకదానికి వర్గ శేషమా అన్న ప్రశ్నను వర్గ వ్యుత్క్రమ నియమం తిరగేస్తుంది; రెండింటినీ 4తో భాగిస్తే శేషం 3 అయితే (3, 7, 11 దగ్గర ఇదే) గుర్తు కూడా మారుతుంది. దాని ప్రకారం 3కు మూడూ మైనస్, 5కు మూడూ ప్లస్. 7తో భాగిస్తే శేషాలు 4, 2, 1. ఇవి మూడూ 7కు వర్గ శేషాలే కాబట్టి 7కు మూడూ మైనస్. 11 దగ్గరికొచ్చేసరికి 151 శేషం 8, అది వర్గ శేషం కాదు. 751 శేషం 3, 28351 శేషం 4, ఇవి వర్గ శేషాలు. పొత్తు అక్కడ విడింది.

దీనివల్ల ఆచరణలో తెలుసుకోవలసింది ఒకటుంది. గుర్తులు గుణకారాన్ని పాటిస్తాయి. 2, 3 రెండూ నెగ్గితే 6 కూడా నెగ్గుతుంది. అందుకే ఈ సంఖ్య 1 నుంచి 10 వరకు అన్ని ఆధారాలతోనూ నెగ్గుతుంది. 12, 14, 15, 16 పెట్టినా అంతే. ఆధారాల జాబితాలో 4, 6, 10 పెట్టి పది ఆధారాలు చూశామనుకుంటే చూసింది నాలుగే. చిన్న ఆధారాలు వరుసగా పెట్టేవారు ప్రధాన సంఖ్యలనే పెట్టాలి.

మరో లెక్క. మూడు గుర్తులకు ఎనిమిది అమరికలు, నెగ్గేవి రెండే: అన్నీ ప్లస్, లేదా అన్నీ మైనస్. కాబట్టి మోసపోయే ఆధారాలు సరిగ్గా 3189375000లో నాలుగో వంతు, 797343750. 9 కన్నా పెద్ద ఏ సంయుక్త సంఖ్యకైనా ఇంతకు మించి ఉండవని మోనియర్, రాబిన్ చూపిన హద్దు. మన సంఖ్య ఆ హద్దును తాకింది. యాదృచ్ఛికంగా ఒక ఆధారం తీసుకుంటే మోసపోయే అవకాశం 24.8 శాతం, ఐదు తీసుకుంటే వెయ్యిలో ఒకటి కన్నా తక్కువ, పది తీసుకుంటే పది లక్షల్లో ఒకటి కన్నా తక్కువ.

ప్రోగ్రామ్‌లో ఏ ఆధారాలు ఉంచాం

32 బిట్ల సంఖ్యలకు 2, 7, 61 చాలు. 1993లో యేష్కె చూపినట్టు 4759123141 లోపు ఈ మూడింటినీ మోసగించే సంయుక్త సంఖ్య లేదు. మన సంఖ్య 61 దగ్గర దొరుకుతుంది, గుర్తులు − + +. 64 బిట్లకు 2 నుంచి 37 వరకు ఉన్న 12 ప్రధాన ఆధారాలు పెట్టాం. ఆ పరిధిలో వాటి జవాబు నిరూపితం, అదృష్టం మీద ఆధారపడదు.

బెయిలీ–పీఎస్‌డబ్ల్యూ పరీక్షను (పీఎస్‌డబ్ల్యూ అంటే పైన చెప్పిన పొమెరాన్స్, సెల్‌ఫ్రిజ్, వాగ్‌స్టాఫ్) రెండో అభిప్రాయంగా చేర్చాం. అందులో 2 ఆధారంగా ఒక బలమైన పరీక్ష, తర్వాత లూకాస్ పరీక్ష (లూకాస్ శ్రేణుల మీద నడిచే మరో ప్రధానతా పరీక్ష). మొదటి సగం ఇక్కడ మోసపోతుంది, కాబట్టి లూకాస్ భాగం నిజంగా నడుస్తోందో లేదో చూడటానికి ఈ సంఖ్య చక్కటి నమూనా. దానికి 5, −7, 9, −11 వరుసలో యాకోబీ గుర్తు (మూడు కారణాంకాల దగ్గర వచ్చే గుర్తుల లబ్ధం) −1 వచ్చే మొదటి విలువ కావాలి. 5కు +1, −7కు +1, 9కి +1, −11కు −1. అక్కడ ఆగాలి. ప్రోగ్రామ్ ఇంకెక్కడ ఆగినా యాకోబీ గుర్తు కట్టే భాగంలో లోపం ఉన్నట్టే; ముఖ్యంగా రుణ సంఖ్య వచ్చినప్పుడు గుర్తు మార్చే మెట్టును చూడండి.

కారణాంకాలు: నాలుగు దారులు

*నేరుగా భాగించడం.* 151 అనేది 36వ ప్రధాన సంఖ్య. అక్కడే తెగుతుంది. మిగిలింది 21291601, దాని వర్గమూలం సుమారు 4614. 133వ ప్రధాన సంఖ్య 751 దగ్గర మళ్లీ తెగుతుంది. మిగిలిన 28351 వర్గమూలం 169 కన్నా తక్కువ, అప్పటికే 751 దాకా వచ్చేశాం కాబట్టి అది ప్రధానమే. ఒక్కో భాగహారం తర్వాత ఆగే హద్దును మిగిలిన సంఖ్యను బట్టి మళ్లీ లెక్కకట్టాలి. మొదటి వర్గమూలం 56701నే పట్టుకుని కూర్చుంటే జవాబు సరిగ్గానే వస్తుంది, పని ఎన్నో రెట్లు పెరుగుతుంది.

*విఫలమైన ఆధారం నుంచి.* 11 ఇచ్చిన శేషం 2129160099 వర్గం కడితే శేషం 1, కానీ అది 1 కాదు, −1 కాదు. అలాంటిది దొరికితే కారణాంకం చేతికొచ్చినట్టే. 2129160098కి, మన సంఖ్యకి గ.సా.భా 151. అలాగే 13 ఇచ్చిన శేషంలో ఒకటి తీసి, 2157624502తో గ.సా.భా కడితే 751. రెండు ఆధారాలతో మూడు కారణాంకాలూ వచ్చేశాయి. కార్మైకేల్ సంఖ్యల మీద ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వాటితో ఉమ్మడి కారణాంకం లేని ఏ ఆధారం విఫలమైనా దారిలో ఇలాంటి శేషం ఒకటి తప్పక ఉంటుంది.

*పొలార్డ్ పి−1 పద్ధతి.* పి అనే ప్రధాన కారణాంకం నుంచి 1 తీసివేస్తే వచ్చేది చిన్న ముక్కలుగా విడిపోతే ఇది పనిచేస్తుంది. 150 = 2·3·5², 750 = 2·3·5³, 28350 = 2·3⁴·5²·7. అన్నీ చిన్న చిన్న ముక్కలు. కార్మైకేల్ గుణం ఇచ్చింది ఈ అమరికే, పి−1 పద్ధతికి లొంగిపోయేలా చేసేదీ ఇదే. ఆధారం 2 తీసుకుని, ఘాతంగా 1 నుంచి ఒక హద్దు వరకు ఉన్న సంఖ్యల క.సా.గు వాడాం. హద్దు 5 అయితే ఘాతం 60. 2⁶⁰ − 1తో గ.సా.భా 151. హద్దు 80 దాకా పెంచినా 151 మాత్రమే. 81 దగ్గర 3⁴ చేరుతుంది, గ.సా.భా 4281001, అంటే 151 × 28351. 125 దగ్గర 5³ చేరగానే గ.సా.భా 3215031751 అయిపోతుంది, అంటే ఏమీ తేలనట్టు. మొదటే హద్దు వెయ్యి పెట్టి చివర్లో ఒక్కసారి గ.సా.భా కట్టే ప్రోగ్రామ్ ఇక్కడ "కారణాంకం దొరకలేదు" అని చేతులెత్తేస్తుంది. మందు: ఒక్కో ప్రధాన ఘాతం కలపగానే గ.సా.భా కట్టడం, లేదా మొత్తం సంఖ్యే వచ్చినప్పుడు వెనక్కి వెళ్లి మెట్టుమెట్టుగా మళ్లీ చూడటం.

*ఫెర్మా వర్గ భేదం.* ఇది అన్నిటికన్నా అందమైనది. 151 × 751 = 113401 = 4 × 28350 + 1. మూడో కారణాంకం 28350 + 1. అంటే సంఖ్య, ఒకటి మరొకదానికి దాదాపు నాలుగు రెట్లున్న రెండు ముక్కల లబ్ధం. సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాసి విడగొట్టే మామూలు ఫెర్మా పద్ధతికి ముక్కలు దగ్గరగా ఉండాలి, కనుక నేరుగా పెడితే చాలా మెట్లు పడతాయి. ముందు సంఖ్యను 16తో గుణిస్తే 51440508016. దాని వర్గమూలానికి పైనున్న మొదటి పూర్ణసంఖ్య 226805, దాని వర్గం 51440508025. తేడా 9, అంటే 3². తొలి మెట్టులోనే ముగిసింది: 226805 − 3 = 226802 = 2 × 113401, 226805 + 3 = 226808 = 8 × 28351. 4తో గుణిస్తే ఇంత శుభ్రంగా రాదు, ఎందుకంటే అక్కడ రెండు ముక్కల్లో ఒకటి సరి, ఒకటి బేసి అవుతాయి, వాటి సగటు పూర్ణసంఖ్య కాదు.

వర్గీకరణ ఎంట్రీ

కారణాంకాలు తెలిశాక మిగతాది గబగబా సాగుతుంది. భాజకాలు 8: 1, 151, 751, 28351, 113401, 4281001, 21291601, 3215031751. భాజకాల మొత్తం 152 × 752 × 28352 = 3240747008. సంఖ్యను తీసేస్తే 25715257, సంఖ్యలో ఒక శాతం కూడా లేదు. కాబట్టి న్యూన సంఖ్య. మూడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం కాబట్టి స్ఫెనిక్ సంఖ్య, వర్గ రహితం, మోబియస్ విలువ (వర్గ రహిత సంఖ్యకు ప్రధాన కారణాంకాలు సరి సంఖ్యలో ఉంటే +1, బేసి సంఖ్యలో ఉంటే −1) ఇక్కడ −1. కార్మైకేల్ లాంబ్డా విలువ (ఉమ్మడి కారణాంకం లేని ప్రతి ఆధారానికీ శేషం 1 తెచ్చే అతి చిన్న ఘాతం) 150, 750, 28350ల క.సా.గు 141750, 3215031750లో అది 22681 సార్లు పోతుంది.

వర్గాల మొత్తంగా రాయడం కాసేపు ఆగి చూడదగ్గది. 8తో భాగిస్తే శేషం 7. అలాంటి సంఖ్యను మూడు వర్గాల మొత్తంగా రాయలేమని లెజాండ్ర్ సిద్ధాంతం. నాలుగు కావాలి: 56701² + 167² + 19² + 10². ఇందులో 56701² తీసేస్తే మిగిలేది సరిగ్గా 28350, అదీ పైన చూసిన నాలుగు రెట్ల సంబంధం వల్లే.

అంకెల ఆధారంగా చేసే తరగతులు కూడా ప్రోగ్రామ్ ఇస్తుంది, వాటికి మా దృష్టిలో విలువ తక్కువ, పదంకెల పద్ధతి మారితే అవీ మారిపోతాయి. అంకెల మొత్తం 28. సంఖ్య బేసి కాబట్టి 28తో భాగించబడదు, హర్షద్ సంఖ్య కాదు. కారణాంకాల అంకెల మొత్తం 7 + 13 + 19 = 39, 28 కాదు, కనుక స్మిత్ సంఖ్యా కాదు (ఆ రెండు మొత్తాలూ సమానమైతేనే స్మిత్ సంఖ్య).

తర్వాతి నమూనా

2, 3, 5, 7, 11 ఐదింటినీ మోసగించే అతి చిన్న సంయుక్త సంఖ్య 2152302898747 = 6763 × 10627 × 29947. దీని శేషాల వర్గాలు 64 బిట్లలో పట్టవు, 128 బిట్ల గుణకారం తప్పదు. అచ్చు మాత్రం అదే: కారణాంకాలు 966 × 7 + 1, 966 × 11 + 1, 966 × 31 + 1, ఇదీ కార్మైకేల్ సంఖ్యే, (సంఖ్య − 1)లో ఇక్కడా ఒక్క 2 మాత్రమే. 13కు గుర్తులు + − −. కాబట్టి 13తో వచ్చిన శేషంలో ఒకటి తీసి గ.సా.భా కడితే 6763 రావాలి. 128 బిట్ల భాగానికి పెట్టిన మొదటి పరీక్ష అదే.